ముందు కీ పిల్లలకు చూపించు

తమ్ముడూ,

దిద్దిన పేపర్లు పంచిన రోజు క్లాసంతా నీ టేబుల్ చుట్టూ మూగి "సార్, ఇక్కడ ఒక్క మార్కు ఎందుకు కోశారు" అంటూ నిన్ను పీక్కుతింటున్నారని రాశావు. బేరమాడుతున్నారని నీకు చిరాకు. నాకు మాత్రం వాళ్లు అడిగేది న్యాయంగానే ఉంది. మనం కీ, అంటే దేనికి ఎన్ని మార్కులో రాసుండే జవాబుల కాగితం, పక్కన పెట్టుకుని దిద్దుతాం, వాళ్లు ఆ కీని ఎప్పుడూ చూసి ఉండరు.

ఒక పీరియడ్ పోతే పోయింది, ఇలా చెయ్యి. 4 కిలోల వస్తువుకు 3 మీ/సె² త్వరణం రావాలంటే ఎంత బలం కావాలి, మూడు మార్కులు. బోర్డు మీద రెండు జవాబులు రాయి, నువ్వు సొంతంగా తయారుచేసినవే, ఎందుకంటే క్లాసులో పిల్లాడి పేపరే పెట్టావంటే వాడు ఏడాదంతా తలెత్తలేడు. మొదటిదాంట్లో ఒట్టి 12 అని ఉంటుంది, యూనిట్ కూడా లేదు. రెండోదాంట్లో సూత్రం ఉంది, విలువలు సరిగ్గా వేశాడు, చివర్లో గుణించాల్సింది పోయి కూడేసి 7 న్యూటన్లు అన్నాడు. మార్కులు వాళ్లనే వేయమను. చాలామంది మొదటివాడికి మూడు, రెండోవాడికి సున్నా వేస్తారు. అప్పుడు కీ తియ్యి: సూత్రానికి 1, విలువలు వేసినందుకు 1, యూనిట్‌తో సహా జవాబుకు 1. తప్పు చేసినవాడికి రెండు మార్కులు, 12 రాసినవాడికి ఒక్కటీ లేదు! కాసేపు గోల చేస్తారు, చేయనీ. అన్ని కీలూ ఇలాగే ఉండవు, కొన్నిట్లో సరైన జవాబుంటే చాలు పూర్తి మార్కులిస్తారు, కాబట్టి మీ పరీక్షకు ఏది వర్తిస్తుందో అదే చూపించు.

థియరీలో ప్రశ్న చివరి మాట చూడడం నేర్పు. కిరణజన్య సంయోగక్రియకు, శ్వాసక్రియకు భేదాలు రాయమంటే మొదటిదాని గురించి పేజీన్నర నింపేసేవాళ్లే ఎక్కువ. రెండో వైపు లేకపోతే అది భేదమే కాదు, మార్కు వేద్దామన్నా చోటు దొరకదు.

కీ ఎందుకు పెట్టారని అడిగితే ఇది చెప్పు. 1913లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఒకే జామెట్రీ పేపరును వందమందికి పైగా టీచర్లతో దిద్దిస్తే, మార్కులు 28 నుంచి 95 దాకా పడ్డాయట. లెక్కల పేపరుకే ఈ గతి!

నా సంగతీ చెప్పుకోవాలిగా. ఏళ్ల తరబడి ఎర్రపెన్నుతో "ఇంకా బాగా రాయాలి" అని రాసి సంతకం పెట్టేసేవాణ్ని. ఒకమ్మాయి వచ్చి "ఇంకా బాగా అంటే ఎలా సార్" అంది. నీళ్లు నమిలాను. అప్పట్నుంచి ఏ స్టెప్పు లేదో, ఏ పాయింటు రాయలేదో అదే రాస్తున్నా, అదీ మార్కులు ఒకరోజు ఆపి. అంకె కనిపించిందంటే ఇక పక్కన రాసింది ఎవడూ చదవడు.

ఇదంతా అయ్యాక కూడా మార్కు కోసం వస్తారు, రానీ. కాకపోతే కీలో ఏ స్టెప్పుకు అడుగుతున్నాడో వేలు పెట్టి చూపించమను. చూపించాడంటే మారుమాట్లాడకుండా వేసెయ్యి.