కె అవార్డుకు అప్లై చేయాలా వద్దా: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి,

ఫెలోషిప్ అయిపోతోంది, ఒక పక్క మంచి జీతంతో క్లినిక్ ఉద్యోగం ఎదురుచూస్తోంది, ఇంకో పక్క గైడ్ గారు, డాక్టర్లు పరిశోధకులుగా ఎదగడానికి అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ఇచ్చే కె అవార్డుకు అప్లై చేయమంటున్నారు, ఏం చేయాలో తోచడం లేదని రాశావు. "అవార్డు వస్తే నిజంగా అంత తేడా ఉంటుందా మామయ్యా?" అని కూడా అడిగావు. ఉంటుంది. కాకపోతే చాలామంది ఆ తేడాను డబ్బులో వెతుకుతారు. అది ఉండేది టైమ్‌లో.

డాక్టర్లకిచ్చే కె అవార్డుల్లో కె08 అయినా కె23 అయినా మామూలు నియమం ఏమిటంటే, నీ పని కాలంలో కనీసం 75 శాతం, అంటే ఏడాదికి తొమ్మిది నెలలకు సమానమైన కాలం, రీసెర్చికీ దానికి సంబంధించిన శిక్షణకీ వెచ్చించాలి. కొన్ని సర్జికల్ విభాగాలకు సడలింపు ఉంది, అది నీకు వర్తించదు. డ్యూటీలు వేసే డివిజన్ చీఫ్ దగ్గరికి వెళ్లి నాకు రీసెర్చికి టైమ్ కావాలంటే, చూద్దాంలే అంటారు. అవార్డు చేతిలో ఉంటే అలా అనలేరు, ఎందుకంటే ఆ టైమ్ ఇస్తామని అప్లికేషన్‌లోనే సంస్థ లెటర్ రాసిచ్చి ఉంటుంది. అయిదేళ్ల పాటు ఆ రక్షణ దొరకడమే డాక్టర్ని రీసెర్చర్‌గా నిలబెడుతుంది. ఆ లెటర్‌లో ప్రతి వాక్యం నువ్వే చదువు. కాగితం మీద 75 శాతం రాసి, వారానికి మూడు రోజులు ఓపీ వేసే డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. అక్కడ ఇంతకుముందు కె తీసుకున్నవాళ్లను విడిగా కలిసి అడుగు: క్లినిక్ ఎన్ని రోజులు? అవార్డు ఇచ్చే జీతానికీ స్పెషలిస్టు జీతానికీ మధ్య లోటు ఎవరు భర్తీ చేశారు? కె ముగిశాక వాళ్లలో ఎవరికి ఆర్01 (సొంతంగా పరిశోధన నడపడానికి ఎన్ఐహెచ్ ఇచ్చే ప్రధాన గ్రాంట్) వచ్చింది, రానివాళ్లు ఇప్పుడెక్కడున్నారు? ఆ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు మిగతా వాటికన్నా ఎక్కువ చెబుతుంది.

క్లినికల్ పరిశోధకుడు అంతరించిపోయే జీవి అయిపోతున్నాడని జేమ్స్ విన్‌గార్డెన్ 1979లోనే రాశారు. తర్వాత ఆయనే ఎన్ఐహెచ్ డైరెక్టర్ అయ్యారు. ఆ మాట ఇప్పటికీ పాతబడలేదు. మొదటి ఆర్01 చేతికొచ్చేసరికి వయసు సగటున నలభై దాటుతోంది. అప్పటిదాకా రీసెర్చిలో నిలవాలంటే మధ్యలో ఏదో ఒక ఆసరా ఉండాలి కదా.

ఇక గురువు సంగతి. 1968లో ఎన్ఐహెచ్‌లో శిక్షణకు చేరిన కుర్ర డాక్టర్లలో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్, హెరాల్డ్ వార్మస్, రాబర్ట్ లెఫ్కోవిట్జ్ ఉన్నారు. నలుగురికీ తర్వాత నోబెల్ వచ్చింది. వియత్నాం యుద్ధానికి డాక్టర్లను పిలుస్తున్న రోజులవి. ఎన్ఐహెచ్‌లో చేరితే ప్రభుత్వ సేవ కింద లెక్క కాబట్టి పోటీ విపరీతంగా ఉండేది. అంటే ఆరితేరిన వాళ్లే లోపలికి వచ్చారు, అది వేరే మాట. కానీ గోల్డ్‌స్టీన్ మార్షల్ నైరెన్‌బర్గ్ దగ్గర, బ్రౌన్ ఎర్ల్ స్టాడ్‌మన్ దగ్గర, వార్మస్ ఐరా పాస్టన్ దగ్గర రోజూ ల్యాబ్ బెంచ్ మీద పని నేర్చుకున్నారు. కాబట్టి నీ మెంటర్ ఎంత పేరున్నవారో చూడటం కన్నా, నీతో వారానికి ఒక గంట కూర్చుంటారా, నీ పేపర్లలో చివరి పేరు, అంటే పనికి నాయకత్వం వహించినవాళ్ల చోటు, నీకు వదులుతారా అన్నది చూడు. రివ్యూలో కూడా అభ్యర్థి, శిక్షణ ప్రణాళిక, పరిశోధన ప్రణాళిక, మెంటర్లు, సంస్థ అని అయిదింటికీ విడివిడిగా స్కోర్లు వేస్తారు. మెంటర్ లెటర్ మొక్కుబడిగా ఉంటే చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

రాకపోతే ఏమవుతుందన్న టెన్షన్ నీ ఉత్తరంలో ప్రతి పేరాలోనూ కనబడింది, అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను. నెదర్లాండ్స్‌లో యువ శాస్త్రవేత్తల గ్రాంట్ల మీద 2018లో ఒక అధ్యయనం వచ్చింది. ఎంపిక స్కోరు గీతకు కాస్త పైన ఉండి గ్రాంట్ గెలిచినవాళ్లు, కాస్త కింద ఉండి పోగొట్టుకున్నవాళ్లతో పోలిస్తే, తర్వాతి ఎనిమిదేళ్లలో రెట్టింపుకు మించిన నిధులు సంపాదించారు. స్కోర్లలో తేడా నామమాత్రం. గెలిచినవాడికి ఆ గెలుపే తర్వాతి అప్లికేషన్‌లో అర్హత అవుతుంది, అది కొంత కారణం. కానీ ఓడినవాళ్లలో చాలామంది మళ్లీ అప్లై చేయడమే మానుకున్నారు, అదీ కారణమే. మరుసటి ఏడాది ఎన్ఐహెచ్ ఆర్01 అభ్యర్థుల మీద ఇంకో పరిశోధన వచ్చింది. కొద్దిలో తప్పిపోయిన జూనియర్లలో కొందరు ఆ వ్యవస్థలోంచే కనుమరుగైపోయారు. నిలిచినవాళ్ల పేపర్లు మాత్రం గెలిచినవాళ్ల వాటికన్నా ఎక్కువ ప్రభావం చూపాయి. బలహీనులు తప్పుకోవడం వల్లే సగటు పెరిగిందనడానికి కుదరదని కూడా వాళ్లు లెక్క వేసి చూపించారు. ఓటమి మనిషిని రాటుదేలుస్తుందని నేను అనను, అది గెలిచినవాళ్లు చెప్పుకునే కబురు. మళ్లీ రాయడానికి ముందే చోటు ఉంచుకో అంటున్నానంతే. రివ్యూ వ్యాఖ్యలు వచ్చాక అదే అప్లికేషన్‌ను ఒకసారి సవరించి పంపొచ్చు, దానికి 37 నెలల గడువుంది. అందుకే డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడేటప్పుడు ఒక ఏడాదికి కాదు, రెండేళ్లకు టైమ్ అడుగు.

కె08, కె23ల మధ్య తేడా నీకు తెలుసనుకుంటాను. పేషెంట్లతో నువ్వే నేరుగా పని చేసే పరిశోధన అయితే కె23. నీ ప్రాజెక్టు చాలావరకు ల్యాబ్‌లోనే కాబట్టి కె08. క్లినికల్ ట్రయల్ ఉన్నవాటికీ లేనివాటికీ వేర్వేరు ప్రకటనలుంటాయి. తప్పు దాని కింద పంపితే చదవకుండానే తిప్పి పంపుతారు. ఎడ్యుకేషన్ లోన్ ఉందన్నావు కదా, లోన్ రీపేమెంట్ ప్రోగ్రామ్‌కు విడిగా అప్లై చెయ్యి, ఏడాదికి 50,000 డాలర్ల దాకా తీరుస్తారు. టి32 (సంస్థల ద్వారా ఎన్ఐహెచ్ ఇచ్చే శిక్షణ గ్రాంట్) మీద ఉన్నానన్నావు. మొదటి పన్నెండు నెలలకు పేబ్యాక్ బాధ్యత, అంటే అందుకున్న దానికి బదులు పరిశోధన పని చేయడమో డబ్బు తిరిగి కట్టడమో, ఉంటుంది, రెండో ఏడాది శిక్షణలోనే అది తీరిపోతుంది. మధ్యలో వదిలేస్తే మాత్రం లెక్క చెప్పాల్సి వస్తుంది. వీసా మీద ఉన్న నీ స్నేహితురాలికి కె08 కుదరదు గానీ, పోస్ట్‌డాక్ (డాక్టరేట్ తర్వాతి పరిశోధన శిక్షణ) నుంచి సొంత పరిశోధనకు మారేవాళ్లకిచ్చే కె99కు పౌరసత్వం షరతు లేదు. పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్లు దాటకూడదు, కాబట్టి తొందరపడమని చెప్పు.

అన్నీ చూసుకున్నాక క్లినిక్ ఉద్యోగమే నచ్చితే మొహమాటపడకుండా అందులో చేరు. రీసెర్చి మీద ఆశ లేకుండా పేరు కోసం కె తీసుకుంటే అయిదేళ్లూ భారమే.

అక్టోబర్ 12 గడువు. మెంటర్లు కాని వాళ్లవి కనీసం మూడు రిఫరెన్స్ లెటర్లు కావాలి, ఆ ముగ్గురికీ ఈ వారమే మెయిల్ పెట్టు. నీ ప్రాజెక్టు లక్ష్యాలు రాసే "స్పెసిఫిక్ ఎయిమ్స్" పేజీ ఎలా ఉన్నా సరే, ఆదివారంలోగా నాకు పంపు, ఎర్ర పెన్నుతో దిద్ది పంపిస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య