చేపపిల్లల దారి వెతకబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మేనమామ ఆశీస్సులు.

పులికాట్ సరస్సుకూ మన కృష్ణపట్నం, కొత్తపట్నం తీరాలకూ మధ్య చేపపిల్లలు ఎలా కొట్టుకుపోతాయో పరిశోధించాలనుకుంటున్నానని రాశావు. సంతోషం. అయితే పటం మీద ప్రవాహపు బాణాలు గీసి వాటి వెంట పిల్లలను నడిపించే పనిని మాత్రం చివరికి పెట్టుకో.

మన తీరం వెంబడి సాగే ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరానికీ, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికీ నడుస్తుంది. నీరు సెకనుకు 10 సెంటీమీటర్లు కదిలినా రోజుకు 8.6 కిలోమీటర్లు అవుతుంది కనుక, 25 రోజులు తేలే పిల్ల సుమారు 215 కిలోమీటర్లు పోవాలి. ఆ లెక్కన వేసవిలో కృష్ణపట్నం దగ్గర పుట్టినది కొత్తపట్నం దాటి ఎక్కడికో చేరుతుంది. గుణకారం సరైనదే గాని, చేపపిల్లను కర్రముక్కగా ఎంచి వేసిన లెక్క అది. గుడ్డుగా ఉన్నప్పుడూ, పొట్టకింద సొన సంచి ఉన్నన్నాళ్లూ అది నీటి దయమీదే బతుకుతుంది. రెక్కలు తేరుకున్నాక పగలు లోతుకు దిగుతూ, రాత్రి పైకి వస్తూ, లోతు లోతుకూ వేరుగా ఉండే ప్రవాహాలను తనకు అనుకూలంగా వాడుకుంటుంది. పాపువా న్యూగినీలోని కింబే అఖాతంలో తల్లిచేపలకు బేరియం అనే లోహాన్ని గుర్తుగా ఎక్కించి, పిల్లల చెవిరాళ్లలో, అంటే తలలోపల చెవిలో ఉండే చిన్న సున్నపు రాళ్లలో, దాని జాడ వెతికిన శాస్త్రజ్ఞులు, వేట నిషేధించిన ఒక చిన్న రక్షిత ద్వీపం దగ్గర స్థిరపడిన పిల్లల్లో సుమారు 60 శాతం అక్కడే పుట్టినవని 2007లో తేల్చారు. ఆస్ట్రేలియాలోని కెప్పెల్ దీవుల్లో జన్యు పరీక్షలు మరో ముఖం చూపాయి: రక్షిత భాగం పగడపు దిబ్బల విస్తీర్ణంలో 28 శాతమే అయినా, 30 కిలోమీటర్ల లోపల చేరిన రెండు జాతుల పిల్లల్లో దాదాపు సగం అక్కడి తల్లిచేపల సంతానమేనని 2012లో వెల్లడైంది. పిల్లలు ఇంటికీ తిరిగి వస్తాయి, పొరుగుకూ పోతాయి; ఎన్ని అన్నదే నీ ప్రశ్న కావాలి.

ఇంకొక మాట. అభయారణ్యం అన్న పేరు చూసి పులికాట్‌లో చేపకు కూడా అభయం దొరికిందనుకోకు. అది పక్షుల కోసం ఏర్పడింది, అక్కడ వేట సాగుతూనే ఉంటుంది. పైగా పండుగప్ప, రొయ్య వంటివి ఉప్పునీటిలో గుడ్లు పెడతాయి, పిల్లలు మొగ గుండా, అంటే సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం గుండా, లోపలికి వస్తాయి. కాబట్టి నీ బాణం లోపలి నుంచి బయటికే కాక బయటి నుంచి లోపలికీ గీయాలి. మొగ ఇసుకతో పూడిన ఏడాది ఆ రాకపోకలు ఎలా తగ్గుతాయో చూడు. రొయ్యపిల్లలు పోటుకు పైకి తేలి, పాటుకు అడుగున ఒదిగి లోపలికి చేరుతాయి గనుక, మొగ దగ్గర పోటుకొకసారి, పాటుకొకసారి, పైనా అడుగునా, పగలూ రాత్రీ వల లాగాలి. పగలే లాగితే వలను చూసి తప్పుకునే పెద్ద పిల్లలు నీ లెక్కలోకి రావు.

333 మైక్రాన్ల కన్నున్న వల వాడు, దాని మూతికి లోపలికి పోయిన నీటిని కొలిచే ఫ్లోమీటరు కట్టు. ఎంత నీరు వడకట్టావో తెలియకపోతే పట్టిన పిల్లల సంఖ్యకు విలువ లేదు. పట్టినవాటిని 95 శాతం ఆల్కహాలులోనే వేయి. నేను వయసులో ఉన్నప్పుడు ఖర్చు మిగులుతుందని ఒక సీజను నమూనాలన్నీ ఫార్మలిన్‌లో పెట్టాను. ఆరు నెలల తర్వాత సూదితో తలలు విప్పి చూస్తే చెవిరాళ్లు సున్నపు పొడిలా కరిగిపోయి ఉన్నాయి, ఒక్క వలయం కూడా చదవలేకపోయాను. గొరక చేప తలలోని తెల్లరాయి నీకు తెలుసు కదా, పిల్లలో అదే ఇసుకరేణువంత ఉంటుంది. దాన్ని అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే రోజుకొక వలయం కనబడుతుంది. వలయాలు లెక్కపెట్టి పుట్టిన తేదీకి వెనక్కి నడిచాకే ప్రవాహాన్ని పిలవాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట నిషేధం కనుక, ఉత్తరపు ప్రవాహం నాటి నమూనాలన్నీ ఏప్రిల్ మొదటి వారానికే ముగించు. దక్షిణపు ప్రవాహం కోసం అక్టోబరులో మొదలుపెట్టవచ్చు గాని, అది తుఫానుల కాలం. పాకల గ్రామంలో పడవవాళ్లు ఈ రోజు వద్దు అంటే వాదించకుండా తిరిగి రా.

నా పాత ఫ్లోమీటరు ఒకటి అటక మీద ఉంది, బేరింగు మార్పించాలి. ఆదివారం వస్తే తీసుకువెళ్లవచ్చు.

ఇట్లు,
మీ మామయ్య