వాన, వుజూ, ఇంకుడు గుంత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: స్కూల్లో మా బాబుకి నీటి చక్రం పాఠం చెప్పారు. "సముద్రం నీళ్లే ఆవిరై వానగా పడతాయంట. మరి వాన అల్లాహ్ కురిపిస్తాడని నానీ (అమ్మమ్మ) చెప్తుంది కదా, ఏది నిజం?" అని అడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు? (ఒక తల్లి, టోలీచౌకి)

జవాబు: రెండూ నిజమేనని ధైర్యంగా చెప్పండమ్మా. వాన ఎలా కురుస్తుందో ఖుర్‌ఆనే వరసగా చెప్తుంది. రూమ్ సూరా (అధ్యాయం) 48వ ఆయత్‌లో (వాక్యంలో) అల్లాహ్ గాలుల్ని పంపుతాడు, అవి మబ్బుల్ని లేపుతాయి, ఆయన వాటిని ఆకాశంలో పరిచి తునకలు చేస్తాడు, వాటి నడుమ నుంచి చినుకులు రాలడం నువ్వు చూస్తావు అని ఉంది. రెండు ఆయత్‌లు దాటగానే, అల్లాహ్ కారుణ్యపు ఆనవాళ్లు చూడు, చచ్చిన నేలకు ఎలా ప్రాణం పోస్తాడో అంటుంది. ఆవిరి, గాలి, మబ్బు ఆయన పెట్టిన ఏర్పాట్లు. ఏర్పాటు తెలిసినంత మాత్రాన చేసినవాడు లేకుండా పోడు.

బాబుకి మాటలకన్నా పొయ్యి దగ్గర చూపిస్తే బాగా పడుతుంది. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. అర లీటరు నీళ్లలో మూడు టీ చెంచాల ఉప్పు కలిపి, గిన్నెలో సన్నని సెగ మీద పెట్టండి. చల్లటి స్టీలు మూతని జానెడు ఎత్తున ఏటవాలుగా పట్టుకుంటే ఆవిరి చుక్కలు కట్టి అంచు నుంచి కారుతుంది. కింద చిన్న కప్పు పట్టండి. మూత మీరే పట్టుకోవాలి, ఆవిరికి చెయ్యి కాలుతుంది. మంట పెద్దదైతే ఉప్పునీళ్లు చిట్లి మూతకి తగులుతాయి, చుక్క ఉప్పగా వస్తుంది. సరిగ్గా చేస్తే చల్లారాక రుచి చూస్తే ఉప్పు జాడే ఉండదు. అప్పుడు వాఖిఆ సూరా 68 నుంచి 70 ఆయత్‌ల భావం చదివి వినిపించండి: మీరు తాగే నీళ్లని మబ్బుల నుంచి మీరు దింపారా, మేము దింపామా? మేము తలిస్తే ఆ నీటిని చేదెక్కించేవాళ్లం, మరి కృతజ్ఞత చూపరేం?

ఒక్క జాగ్రత్త. సైన్సు పుస్తకంలోని ప్రతి బొమ్మనీ ఆయత్‌లలో వెతికి అతికించే అలవాటు పిల్లలకి చేయకండి. ఖుర్‌ఆన్ మార్గదర్శక గ్రంథం. ఆ ఆయత్‌లు వచ్చింది మనిషి తలెత్తి చూసి షుక్ర్ (కృతజ్ఞత) చేయడానికి.

ప్రశ్న: వాన కారుణ్యమైతే 2020 అక్టోబరులో మా బస్తీ మునిగిందేం? అది శిక్షేనా? (ఒక పాఠకుడు, చాంద్రాయణగుట్ట)

జవాబు: ఇల్లు మునిగినవాళ్లకి "ఇది మీకు పడ్డ శిక్ష" అని తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు. మూమినూన్ సూరా 18వ ఆయత్ ప్రకారం ఆకాశం నుంచి నీరు ఒక కొలతతో దిగుతుంది, నేలలో నిలుస్తుంది, దాన్ని తీసుకుపోయే శక్తీ అల్లాహ్‌కి ఉంది. వాన ఎక్కువైతే ఏం చేయాలో ప్రవక్త (స) చూపించారు. మదీనాలో జుమా ఖుత్బా (శుక్రవారం ప్రసంగం) ఇస్తుండగా ఒకాయన కరువని మొరపెట్టుకుంటే దుఆ (వేడుకోలు) చేశారు. వారమంతా వాన ఆగలేదు. మరుసటి జుమాకి ఒకరు వచ్చి వాన ఆగేలా వేడుకోమన్నారు. అప్పుడు ప్రవక్త, ఓ అల్లాహ్, మా చుట్టుపక్కల కురిపించు, మా మీద కాదు, గుట్టల మీద, లోయల్లో, చెట్లు మొలిచే చోట కురిపించు అని వేడుకున్నారు. బుఖారీ, ముస్లిం అనే రెండు సంకలనాల్లోనూ ఈ హదీసు (ప్రవక్త మాటలు, చేతల కథనం) ఉంది. వానే వద్దనలేదు, నీటికి తగిన చోటు అడిగారు.

మన హైదరాబాద్‌లో ఆ చోటే కరువైంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని బలి తీసుకున్నాక 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు వచ్చాయి. నీళ్లు ఆగడానికి జాగా చేశారు. ఇప్పుడేమో శిఖం భూమిలో (చెరువు నీళ్లు నిలిచే నేలలో) ప్లాట్లు, నాలా మీద స్లాబులు. కొలతతో దిగిన నీటికి దారి మూసింది మనమే.

ప్రశ్న: మా మసీదు బోరు ఏప్రిల్‌కే ఎండుతోంది. వుజూ (నమాజుకి ముందు ముఖం, కాళ్లు, చేతులు కడుక్కోవడం) నీళ్లని ఇంకుడు గుంతకి మళ్లించొచ్చా? (మసీదు కమిటీ సభ్యుడు, మలక్‌పేట)

జవాబు: ముందు కుళాయి సంగతి చూడండి. ప్రవక్త (స) ఒక ముద్ద్ (పాతకాలపు కొలత) నీటితో వుజూ చేసేవారని హదీసు. హనఫీ మజ్‌హబు (ధర్మశాస్త్ర సంప్రదాయం) లెక్కలో అది సుమారు లీటరు, మిగతా మజ్‌హబుల లెక్కలో ముప్పావు లీటరు లోపే. మీ కుళాయి కింద బకెట్ పెట్టి, పూర్తిగా తిప్పి, ఒక నిమిషం పట్టి చూడండి, ఎంత పోతోందో మీకే తెలుస్తుంది. మసహ్ (తడి చేత్తో తల తుడుచుకోవడం) చేసేటప్పుడూ, కాళ్ల వేళ్ల మధ్య రుద్దేటప్పుడూ కుళాయి తెరిచి ఉండటమే పెద్ద దండగ. కుళాయి వెనకున్న వాల్వుని సగానికి బిగించండి, లేదా నొక్కితే వచ్చి దానంతటదే ఆగే కుళాయి పెట్టండి. మనిషికి 5 లీటర్లు మిగిలినా 200 మంది వచ్చే జుహర్‌కి (మధ్యాహ్నం నమాజుకి) వెయ్యి లీటర్లు. ఏ అవయవమైనా మూడుసార్లకి మించి కడగడం హద్దు దాటడమే.

వాడిన వుజూ నీళ్లు హనఫీ ఫిఖ్‌హ్‌లో (ధర్మశాస్త్రంలో) శుభ్రమైనవే, కాకపోతే వాటితో మళ్లీ వుజూ చెల్లదు. కాబట్టి చెట్లకి పెట్టడం మేలు. ఇంకుడు గుంతకి మాత్రం కప్పు మీది వాన నీళ్లే పంపండి. సబ్బు, జిగట చేరితే ఇసుక మూసుకుపోతుంది. 200 చదరపు మీటర్ల కప్పు, ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన, అందులో అయిదో వంతు పోయిందనుకున్నా 1,28,000 లీటర్లు. గుంతలో అడుగున పెద్ద రాళ్లు, మధ్యలో కంకర, పైన ముతక ఇసుక వేయండి. మొదటి వాన దుమ్ము నీళ్లని బయటికి వదిలేయండి. ఏటా మే నెలలో పై ఇసుక తీసి కడిగి మళ్లీ పరవండి, ఇది మరిచిపోయే చాలా గుంతలు రెండేళ్లలో పనికిరాకుండా పోతాయి. మనకి కింద గ్రానైట్ కదా, తవ్వగానే రాళ్లు వేసేయకండి. నీళ్లు నింపి రాత్రంతా వదలండి. తెల్లారినా అలాగే నిలిస్తే అది బండ, చోటు మార్చండి. సెప్టిక్ ట్యాంకు దగ్గర అసలే వద్దు.

ప్రశ్న: ఏసీ నుంచి కారే నీళ్లతో వుజూ చెల్లుతుందా? (ఒక పాఠకురాలు, సైదాబాద్)

జవాబు: చెల్లుతుంది. గాలిలోని తేమే చల్లబడి నీరవుతుంది, అది శుభ్రమైనదే. శుభ్రమైన బకెట్‌లో పట్టండి, పైపులో నాచు పట్టి వాసన వస్తుంటే ముందు పైపు కడిగించండి. తాగడానికి మాత్రం వాడకండి.