టెక్ సందేహాలు: గ్రూప్ కొలిచే యాప్ చెప్పిన 'విజేత'

ప్రశ్న: మాది పర్లాకిమిడి. అమెరికాలో ఉంటున్న మా అన్నయ్య 100 గజాల బెంచ్‌రెస్ట్ షూటింగ్ (రైఫిల్‌ను బల్లపై ఆనించి కాల్చడం) సాధన చేస్తూ, టార్గెట్ కాగితాల ఫొటోలు నాకు పంపుతుంటాడు. స్పష్టంగా ఉండాలని వాటిని డాక్యుమెంటుగా పంపమన్నాను. ఆయన రెండు రైఫిళ్లు వాడే తూటా రకాలు 6 పీపీసీ, .30 బీఆర్. గుళ్ల రంధ్రాల బయటి అంచుల మధ్య కొలత 6 పీపీసీకి 13.3 మి.మీ., .30 బీఆర్‌కు 14.9 మి.మీ. వచ్చింది. యాప్ మాత్రం గ్రూపులను (గుళ్లు పడిన గుంపుల కొలతను) 0.281, 0.344 అంగుళాలుగా చూపి, 6 పీపీసీయే విజేత అంది. రెండో రైఫిల్ అమ్మేయనా అని అన్నయ్య అడుగుతున్నాడు. ఏమి చెప్పమంటారు?

జవాబు: అమ్మవద్దని ముందు చెప్పండి. ఇటువంటి ఉత్తరాలు .22 రైఫిల్‌తో సాధన చేసే యువకుల నుంచి, గుణుపురం నుంచీ బరంపురం నుంచీ కూడా వస్తున్నాయి. యాప్‌లు వేరైనా జరుగుతున్న తప్పు ఒక్కటే.

గ్రూప్ అంటే ఒకదానికొకటి అన్నిటికంటే దూరంగా పడిన రెండు గుళ్ల కేంద్రాల మధ్య దూరం కాబట్టి, బయటి అంచుల మధ్య కొలిచిన దానిలోంచి బుల్లెట్ వ్యాసాన్ని తీసివేయాలి. ఆ వ్యాసం 6 పీపీసీకి 6.17 మి.మీ., .30 బీఆర్‌కు 7.82 మి.మీ. మీ యాప్ మొదటి కాగితానికి ఇచ్చిన 6.17నే రెండోదానికీ వాడింది. 14.9 నుంచి 7.82 తీసివేసి చూడండి: 7.08 మి.మీ., అంటే 0.279 అంగుళం. ఓడిపోయిందన్న రైఫిల్ నిజానికి వెంట్రుకవాసి ముందే ఉంది. నేను వాడిన ఒక యాప్‌లోనూ, ఒక అప్‌డేట్ తరువాత వ్యాసం అడిగే గడిని మొదటి తెర నుంచి తీసి సెట్టింగుల అడుగున పెట్టారు. ఏ క్యాలిబరో (బుల్లెట్ వ్యాసం ఎంతో) అడగకుండా మూడు దశాంశ స్థానాల వరకు జవాబు చెప్పే యాప్‌ను కొలత సాధనం అనడానికి నాకు మనసొప్పదు. పైగా ఫోన్‌ను కాగితానికి 20 డిగ్రీలు వాల్చి ఫొటో తీస్తే, వాలిన దిశలో కొలత సుమారు 6 శాతం కుదించుకుపోతుంది.

ఇక క్యాలిబర్ల సంగతి. 1975లో లూ పాల్మిసానో, ఫెరిస్ పిండెల్ .220 రష్యన్ తూటా కేసు (మందు నింపే గొట్టం) నుంచి పీపీసీని రూపొందించారు. పొట్టిగా, లావుగా ఉండే ఆ కేసు, తక్కువ రీకాయిల్ (వెనక్కి తన్నే బలం) కారణంగా, అంతవరకు .222 రెమింగ్‌టన్ ఏలిన దగ్గరి దూరపు గ్రూప్ పోటీలు 6 పీపీసీ చేతికి వచ్చాయి. .30 బీఆర్‌కు ఆదరణ ఎక్కువగా పాయింట్ల పోటీల్లో ఉంది. అక్కడ రంధ్రపు అంచు వలయాన్ని తాకితే చాలు కాబట్టి, లావు బుల్లెట్‌కు ఒక్కో పక్క 0.8 మి.మీ. కలిసివస్తుంది. అలాగని .30 వ్యాసం గ్రూపులకు పనికిరాదనుకోవద్దు. 1973లో మాక్ మెక్‌మిలన్ 100 గజాల వద్ద సాధించిన 0.009 అంగుళపు గ్రూప్‌ను, 40 ఏళ్ల తరువాత 2013లో మైక్ స్టినెట్ 0.0077 అంగుళంతో దాటింది .30 క్యాలిబర్‌తోనే. అందువల్ల మీ అన్నయ్యగారి విషయంలో బ్యారెల్, బుల్లెట్ల నాణ్యత, గాలిని చదవడం తేల్చే తేడాను ఒక్కో కాగితం చూసి క్యాలిబర్‌కు అంటగట్టడం సరికాదు. పోటీల్లోనే ఐదేసి గుళ్ల గ్రూపులు ఐదింటి సగటు తీస్తారు.

అయితే మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది ఆ డాక్యుమెంటు అన్న మాట. మామూలు ఫొటోగా పంపితే చాలా సందేశ యాప్‌లు అందులో దాగిన వివరాలను తొలగిస్తాయి. డాక్యుమెంటుగా పంపితే అసలు ఫైలు ఉన్నది ఉన్నట్టుగా వస్తుంది. మీరు నాకు జతచేసిన ఫొటోలో టార్గెట్ కాగితం కింద వంటింటి బల్ల, పక్కన సగం తాగిన కాఫీ కప్పు కనిపిస్తున్నాయి. ఫైలు వివరాలు తెరిస్తే ఆ వంటింటి అక్షాంశ రేఖాంశాలు, తేదీ, సమయం అన్నీ ఉన్నాయి. రెండు రైఫిళ్లున్న ఇల్లు ఎక్కడుందో, ఆ ఫైలు చేరిన ప్రతివారికీ తెలిసిపోయినట్టే. నేను దాన్ని చెరిపివేశాను, కాని మీ యాప్ సర్వర్‌లో అది ఉండే ఉంటుంది. ఇటువంటి యాప్‌లలో క్లౌడ్ బ్యాకప్, అందరికీ కనిపించే గ్యాలరీ మొదటి నుంచే ఆన్ చేసి ఉండటం నేను చూశాను. మన సరిహద్దు ఊళ్లలో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫోన్‌లో ఇంగ్లీషు. అనుమతి అడిగే పెట్టె ఏ భాషలో వచ్చినా చదవకుండా 'అలౌ' నొక్కడం మనకు అలవాటైపోయింది. లైసెన్సు తుపాకీ ఉన్న ఇంటివారు కూడా అలాగే నొక్కుతున్నారంటే నాకు భయం వేస్తోంది.

ఈ రోజే ఆ యాప్ ఖాతాలోకి వెళ్లి, ఎక్కించిన ఫొటోలన్నిటినీ తొలగించి, ఆ తరువాతే యాప్‌ను తీసివేయండి. యాప్ తీసేసినంత మాత్రాన సర్వర్‌లోని ఫొటోలు పోవు. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ట్యాగ్‌ను ఆపివేయమని అన్నయ్యగారికి చెప్పండి. పాత ఫొటోలను స్క్రీన్‌షాట్ తీసుకొని, ఆ స్క్రీన్‌షాట్‌నే వాడండి. ఇకపై కాగితం పక్కన మి.మీ. గుర్తులున్న స్కేలు పెట్టి, నిటారుగా పైనుంచి ఫొటో తీయమనండి. ఒకే రోజున రెండు రైఫిళ్లనూ మార్చిమార్చి వాడి, ఒక్కోదానితో ఐదేసి గ్రూపులు కాల్చిన తరువాత, 6.17, 7.82 వేరువేరుగా తీసివేసి సగటు కట్టండి. దానికి యాప్ అక్కర లేదు, కాగితం, పెన్సిలు చాలు.