భారత ఫుట్‌బాల్ జట్టుకి విదేశీ కోచ్ మేలా, మనవాడా?

ఈ వాదన ఫ్యాన్స్ మధ్య కోచ్ మారినప్పుడల్లా వస్తుంది. నా ఉద్దేశంలో పాస్‌పోర్ట్ అసలు విషయం కాదు, కోచ్‌కి దొరికే టైమే అసలు విషయం.

స్పెయిన్‌కి చెందిన కోచ్ మనోలో మార్క్వెజ్‌నే తీసుకోండి. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్‌కి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్ గెలిపించినాయన. 2024లో జాతీయ జట్టుకి వచ్చాక 8 మ్యాచుల్లో గెలిచింది ఒక్కటే, అదీ మాల్దీవుల మీద. క్లబ్‌లో ఆటగాళ్లు రోజూ కళ్ల ముందుంటారు. జాతీయ జట్టులో క్యాంప్‌కి కొన్ని రోజులే. పైగా ఆయన అప్పుడు గోవా క్లబ్‌ని కూడా చూసుకునేవారు. రెండు పడవల మీద కాళ్లన్నమాట.

2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ కోచ్‌గా వచ్చారు, 13 ఏళ్ల తర్వాత ఆ పదవిలో తొలి భారతీయుడు. మధ్య ఆసియా టోర్నీ కాఫా నేషన్స్ కప్‌లో ఒమన్‌ని పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చేసరికి అందరూ ఆకాశానికెత్తారు. అక్టోబర్లో సింగపూర్ చేతిలో ఓడి ఆసియా కప్ ఆశ పోగానే మళ్లీ పాత పాటే.

మన హైదరాబాదీ కోచ్ రహీమ్ సాబ్ (సయ్యద్ అబ్దుల్ రహీమ్) 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణాలు తెచ్చారంటే, 1950 నుంచి దాదాపు పదమూడేళ్లు జట్టు ఆయన చేతిలోనే ఉంది. ఇప్పుడు ఏ కోచ్‌కైనా అందులో సగం ఓపిక చూపిస్తామా?