కొవ్వు పేరుకునేది నాళంలోనా, నాళం గోడలోనా?

సందేహం: "గుండె నరాల్లో కొవ్వు పేరుకుపోయింది" అంటుంటారు. నరం అంటే నర్వ్ కదా, రక్తం పారేదాన్ని కూడా నరం అనొచ్చా? పేరుకోవడం అనాలా, పూడుకుపోవడం అనాలా?

సమాధానం: నరం గురించి పెద్దగా గొడవ అక్కర్లేదండీ. మాటల్లో అది రక్తనాళమూ అవుతుంది, నర్వూ అవుతుంది, సెలైన్ ఎక్కించడానికి నరం దొరకట్లేదంటే ఎవరూ తికమకపడరు. రాసేటప్పుడు మాత్రం రక్తనాళం అనండి, గుండె నుంచి రక్తం తీసుకెళ్లేదైతే ధమని.

అసలు చిక్కు రెండోదాంట్లో ఉంది. పేరుకోవడం అంటే కొద్దికొద్దిగా చేరి మేటవేయడం, పూడుకుపోవడం అంటే నిండిపోయి దారి లేకుండా పోవడం. రెండూ మంచి తెలుగే, కానీ కొవ్వు చేరేది కాలవలో ఒండ్రులాగా రక్తం పారే చోట కాదు. నాళం లోపలివైపు ఒకే ఒక్క కణం మందాన పల్చటి పొర ఉంటుంది, ఎండోథీలియం అంటారు. అది ఊరికే కూర్చోదు, నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారుచేసి నాళాన్ని వదులు చేస్తుంది (ఈ సంగతి తేల్చినందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి 1998లో నోబెల్ వచ్చింది), రక్తం అనవసరంగా గడ్డకట్టకుండా చూస్తుంది, రక్తంలోంచి గోడలోకి ఏది పోవాలో ఏది పోకూడదో కూడా చాలావరకు అదే చూసుకుంటుంది. సిగరెట్లు, బీపీ, షుగర్ లాంటివాటివల్ల ఈ పొర దెబ్బతింటే ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ (చెడు కొలెస్ట్రాల్ అంటారే, అదే) ఇంకా ఎక్కువగా దాన్ని దాటి గోడలోకి దిగి అక్కడే ఉండిపోతుంది, దాన్ని మింగడానికి వెళ్లిన తెల్లరక్తకణాలు కూడా కొవ్వుతో ఉబ్బిపోయి అక్కడే చిక్కుకుంటాయి. అందుకని "ధమని గోడలో కొవ్వు పేరుకుంది" అంటే సరిపోతుంది, ఆ "గోడ" అన్న మాట మాత్రం వదలొద్దు.

పూడుకుపోవడం తర్వాతి సంగతి. మొదట్లో ధమని బయటివైపుకి సాగి దారిని దాదాపు అలాగే ఉంచుతుంది, కాబట్టి పేరుకున్న ప్రతిచోటా పూడుకుపోయిందని రాసేయకూడదు. అలాగని ప్రమాదం లేదనీ కాదు, దారి పెద్దగా సన్నబడని చోట కూడా ఆ మేట చిట్లితే దానిమీద రక్తం గడ్డకట్టి ఒక్కసారిగా దారి మూసేస్తుంది, చాలా హార్ట్ ఎటాక్‌లు ఇలాగే వస్తాయి. అప్పుడు "మూసుకుపోయింది" అనండి, పూడుకుపోయింది అంటే ఏళ్లతరబడి నిండినట్టు వినిపిస్తుంది. "కొవ్వు గడ్డకట్టి హార్ట్ ఎటాక్ వచ్చింది" అని రాసేవాళ్లూ ఉన్నారు, ఇది మాత్రం తప్పే, అక్కడ గడ్డకట్టేది రక్తం. "బ్లాక్" అంటారా, నాకేం అభ్యంతరం లేదు, "అవరోధం" కంటే అదే నయం.