త్రీఫోల్డ్ అంటే మూడు రెట్లే

తమ్ముడూ, ఒంగోలు కోచింగ్‌లో ఇచ్చిన పేపర్‌లో రొయ్యల ఎగుమతి ‘త్రీఫోల్డ్’ పెరిగిందంటే 100 టన్నులు 300 అయినట్టా, 400 అయినట్టా అనే కదా నీ టెన్షన్? 300 అనే రాయి. 400 అని వాదించేవాళ్లూ ఉన్నారు, వాళ్ల జోలికి పోబాక.

ఈ ఫోల్డ్, గుడ్డ మడతపెట్టే ఫోల్డ్‌కి చుట్టమే. పాత ఇంగ్లీషులో ‘ఫెఆల్డ్’, జర్మన్‌లో ‘ఫాల్ట్’, డచ్‌లో ‘ఫౌట్’, అన్నీ ఒకే జర్మానిక్ మూలం నుంచి వచ్చినవే. పంచెని మూడు మడతలుగా వేస్తే మూడు పొరలవుతాయి, లెక్క అక్కడిదే. మన ఇనుమడి, ముమ్మడిలోనూ ఉన్నది ఆ మడతే! ట్రిపుల్ మాత్రం లాటిన్ సరుకు.

పరీక్షలో త్రీఫోల్డ్‌ని విడగొట్టకుండా ఒకే మాటగా రాయి. అంకె వేస్తే మధ్యలో చిన్న గీత: 10-ఫోల్డ్.